అయిదు నిమిషాల వేదిక: ఔత్సాహిక హాస్యకారులకు ఓపెన్ మైక్ ఎంతవరకు పనికొస్తుంది?

స్టాండప్ కామెడీని వృత్తిగా కాక, ఉద్యోగం పోను మిగిలిన సాయంత్రాల్లో చేసే సాధనగా పెట్టుకున్నవారికి ఓపెన్ మైక్ అనేది ఒక సేవ. రుసుము కట్టి, ఫారం నింపి, పేరు పిలిచినప్పుడు వేదిక ఎక్కి, ఇచ్చిన 5 నిమిషాలు వాడుకుని దిగుతాం. అయినా మిగతా సేవలను తూచి చూసినట్టు దీనిని ఎవరూ తూచరు. నవ్వులు పడితే వేదిక గొప్పదని, పడకపోతే ప్రేక్షకులు మొద్దులని తీర్పు చెప్పి ఇంటికి వెళ్లిపోతారు. ఈ రెండు తీర్పుల వల్లా వేదిక గురించి తెలిసేది ఏమీ ఉండదు. కొన్ని నెలలుగా నేను పాల్గొంటున్న ఒక వారపు ఓపెన్ మైక్‌ను, దానికి అనుబంధంగా అదే బృందం కొత్తవారికోసం నడిపే చిన్న శిక్షణ తరగతిని ఇక్కడ సమీక్షిస్తున్నాను. నాకు ఎన్ని నవ్వులు దక్కాయన్నది ఈ సమీక్షకు సంబంధించిన విషయం కాదు. నేను రాసుకెళ్లిన జోకు నిలబడుతుందో లేదో తేల్చుకునే అవకాశం ఆ గది నాకు ఇచ్చిందా అన్నదే నా కొలత. నిర్వాహకుల పేరు చెప్పడం లేదు. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, పైగా వీటిలో చాలా మంచిచెడ్డలు ఏ ఊళ్లోని ఓపెన్ మైక్‌లోనైనా కనిపించేవే.

నమోదు పద్ధతిలో చిక్కులేవీ లేవు. కార్యక్రమానికి కొన్ని రోజుల ముందు ఆన్‌లైన్ ఫారం తెరుస్తారు, మనకున్న అనుభవం అడుగుతారు, స్లాట్ దొరికిందో లేదో స్పష్టంగా సందేశం పంపుతారు. దొరకనివారికి కూడా ఆ సంగతి తెలియజేయడం చాలా చోట్ల కరువైన మర్యాద. చిక్కంతా వరుస దగ్గరే ఉంది. ఎవరు ఎన్నోవారన్నది అక్కడికి వెళ్లి హోస్ట్ చేతిలోని కాగితం చూస్తే తప్ప తెలియదు. ఆ కాగితంలో పాతవారి పేర్లు మధ్యలోను, కొత్తవారి పేర్లు మొదట్లోనో చివర్లోనో ఉంటాయి. మొదట ఎక్కినవారు ఇంకా కుర్చీలు జరుపుకుంటున్న జనంతో మాట్లాడాలి. చివర ఎక్కినవారు అప్పటికే నవ్వి నవ్వి అలసిపోయి, ఇంటికి చేరే దారి ఆలోచిస్తున్న జనంతో మాట్లాడాలి. గది ఊపందుకుని, ఇంకా అలసిపోని మధ్య భాగంలోనే ఒక జోకుకు న్యాయమైన పరీక్ష జరుగుతుంది. ఆ పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకపోవడం ఈ వేదికలోని పెద్ద లోపం. అందరి ఎదుటే చీటీలు తీసి వరుస నిర్ణయించే ఓపెన్ మైక్‌లు ఉన్నాయి. అక్కడ కొత్తవాడికి చివరి స్లాట్ వచ్చినా అది అదృష్టం మీదికి పోతుందే గాని నిర్వాహకుల మీదికి పోదు.

ఒక విషయంలో మాత్రం ఈ నిర్వాహకులను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. వేదిక ఎక్కాలంటే ఇంతమంది స్నేహితులను టిక్కెట్లు కొనిపించి వెంట తీసుకురావాలన్న షరతు వీరు పెట్టరు. ఇటువంటి షరతుతో నడిచే ప్రదర్శనలను కళాకారులు ‘బ్రింగర్ షో’ అంటారు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఆ పద్ధతి వల్ల నేర్చుకునేవారికి జరిగే నష్టం పెద్దది. స్నేహితులు జోకుకు నవ్వరు, మనకు నవ్వుతారు. పంచ్ రాకముందే, మనం ఎటు పోతున్నామో పసిగట్టి, ప్రోత్సాహంగా నవ్వుతారు. అలాంటి సాయంత్రం తర్వాత ఏ వాక్యం పని చేసిందో, ఏది స్నేహం వల్ల గట్టెక్కిందో విడదీయడం అసాధ్యం. పైగా ప్రతి కళాకారుడి స్నేహబృందమూ తనవాడి వంతు కాగానే లేచి వెళ్లిపోవడం వల్ల, గది అంచెలంచెలుగా ఖాళీ అవుతుంది.

రుసుము విషయానికి వస్తే, ప్రదర్శించేవారి దగ్గర కొద్ది మొత్తమే తీసుకుంటారు గాని, ప్రేక్షకుల దగ్గరా టిక్కెట్టు వసూలు చేస్తారు. ఇది నాకు కొంత ఇబ్బందిగానే అనిపించింది. కొత్తవారికి వేదిక దొరకడమే ప్రతిఫలం అన్న వాదన స్టాండప్ రంగంలో పాతది. లాస్ ఏంజెలెస్‌లో 1972లో మొదలైన కామెడీ స్టోర్‌లో కళాకారులు పైసా పారితోషికం లేకుండా ప్రదర్శించేవారు; అది క్లబ్బు మాత్రమే కాదు, వారికి శిక్షణశాల కూడా అని యాజమాన్యం వాదించేది. గది నిండా డబ్బు కట్టి వచ్చిన ప్రేక్షకులు ఉండగా ఆ వాదన ఎక్కువ కాలం నిలవలేదు. 1979లో కళాకారులు సమ్మెకు దిగి పారితోషికం సాధించుకున్నారు. నాలాంటి ఔత్సాహికుడు ఆ కళాకారులతో పోల్చుకోదగినవాడు కాడు, నేను పారితోషికం అడగడమూ లేదు. కాని చెప్పేవారి దగ్గర, వినేవారి దగ్గర రెండు వైపులా వసూలు చేసేటప్పుడు, ఆ రుసుముకు బదులుగా చెప్పేవారికి కనీసం ఏమేమి అందాలో రాసి ఉంచడం న్యాయం.

అలా అందవలసిన వాటిలో మొదటిది గది. రచన మీద, అభినయం మీద ఎంత చర్చ జరిగినా, గది గురించి మాట్లాడేవారు తక్కువ. నవ్వును శాస్త్రీయంగా పరిశీలించిన అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ ప్రొవైన్, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని చెప్పారు. సంభాషణల్లో వినిపించే నవ్వులో ఎక్కువ భాగం జోకులకు కాక మామూలు మాటలకే వస్తుందని కూడా ఆయన పరిశీలనల్లో తేలింది. నవ్వు ఇంతగా పక్కవారి మీద ఆధారపడినప్పుడు, కుర్చీల మధ్య దూరం అలంకరణకు సంబంధించిన విషయం కాకుండా పోతుంది. ఇరవై మంది దగ్గరదగ్గరగా కూర్చున్న చిన్న గదిలో వచ్చే నవ్వు, అదే ఇరవై మంది వంద కుర్చీల హాలులో చెల్లాచెదురుగా కూర్చుంటే రాదు. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే నవ్వు గదిలోనే తిరుగుతుంది. ఎత్తైన హాలులో పైకి పోయి మాయమవుతుంది. ప్రేక్షకుల మీద వెలుతురు పడకూడదు, ఎందుకంటే తాము నవ్వడం ఇతరులు చూస్తున్నారన్న స్పృహ కలిగితే మొహమాటస్తులు నవ్వు మింగేస్తారు.

ఈ లెక్కలన్నీ ఈ నిర్వాహకులకు తెలుసు. కార్యక్రమం మొదలు కాబోయే ముందు ఒక కార్యకర్త వచ్చి వెనక కూర్చున్నవారిని బతిమాలి ముందు వరుసల్లోకి తెస్తాడు, ఖాళీ కుర్చీలను మడిచి గోడకు చేరుస్తాడు. ఎవరికీ నచ్చని ఈ పని ఆ సాయంత్రం అందరి ప్రదర్శననూ నిలబెడుతుంది. గదిలోని ఒకే ఒక్క దోషం తలుపు. అది వేదికకు కుడి పక్కన ఉంది. ఆలస్యంగా వచ్చిన ప్రతివారూ మాట్లాడుతున్న మనిషి పక్కనుంచే లోపలికి నడవాలి, అప్పుడు గదిలోని కళ్లన్నీ అటు తిరుగుతాయి. కథ సగంలో ఉండగా అలా జరిగితే ఆ జోకు మీద ఆశ వదులుకోవలసిందే. తలుపును మార్చలేకపోయినా, ఒకరి వంతు ముగిసే దాకా బయటివారిని ఆపే మనిషిని నియమించవచ్చు.

మైకు బాగుంది. చాలా కామెడీ వేదికల మీద కనిపించే షూర్ ఎస్ఎం58 రకమే ఇక్కడా వాడుతున్నారు. 1966లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ మైకు ముందువైపు నుంచి వచ్చే ధ్వనిని బాగా అందుకుని, వెనకవైపు ధ్వనిని చాలావరకు వదిలేస్తుంది. కొత్తవారు తెలియక పాటగాళ్లను చూసి మైకు తలకు ఉండే లోహపు జాలీ చుట్టూ అరచెయ్యి మూసి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే వెనక ఉన్న సందులు మూసుకుపోయి, అన్ని వైపుల ధ్వనీ లోపలికి చేరి, స్పీకర్లు కూత పెడతాయి. గొంతు పెరిగినప్పుడు కొద్దిగా దూరం జరపడం, మైకు తీసుకున్నాక స్టాండును ముందునుంచి తప్పించి వెనక పెట్టడం, తీగ కాళ్లకు చుట్టుకోకుండా చూసుకోవడం వంటివి ప్రేక్షకులు రాకముందు కొత్తవారికి చేతపట్టి చూపిస్తారు. ఆ కొద్ది నిమిషాల పాఠం, రుసుము కట్టించుకునే శిక్షణ తరగతిలోని సగం పాఠాల కంటే విలువైనది.

తరగతి సంగతి అందుకే కాస్త వివరంగా చెప్పాలి. దాని మొదటి భాగం రచన, రెండో భాగం వేదిక భయం. రచన భాగం చెప్పిన శిక్షకుడు విషయం తెలిసినవాడు. ప్రేక్షకుడి మనసులో ఒక ఊహను నిలబెట్టే సెటప్, దానిని తలకిందులు చేసే పంచ్, పంచ్ మీద మళ్లీ సెటప్ అవసరం లేకుండా పడే ట్యాగ్, ఎప్పుడో చెప్పి మరిచిపోయిన విషయాన్ని చివర్లో మళ్లీ తెచ్చే కాల్‌బ్యాక్ వంటి పదాలను నిర్వచించి వదిలేయకుండా, మేము రాసుకొచ్చిన పేజీలనే కోసి చూపించాడు. ముఖ్యంగా, ఆశ్చర్యం కలిగించే మాట వాక్యంలో చిట్టచివర ఉండాలన్న సూత్రాన్ని తెలుగుకు అన్వయించిన తీరు నాకు బాగా ఉపయోగపడింది. ఇంగ్లీషు జోకులు వింటూ పెరిగిన మనకు ఆ సూత్రం సులభంగానే అర్థమవుతుంది గాని, తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక మనం మామూలుగా మాట్లాడినట్టు మాట్లాడితే పంచ్ తర్వాత ఒక తోక మిగిలిపోతుంది.

నా సెట్‌లోని, అంటే ఒక వంతులో వరుసగా చెప్పడానికి రాసుకున్న జోకుల్లోని, ఒక చిన్న ముక్కనే ఉదాహరణగా చూపిస్తాను. ‘ఆఫీసులో నేనెంత ముఖ్యుడినో తెలుసుకుందామని ఒకరోజు సెలవు అడిగాను. ఒక్కరోజు చాలా అని మా మేనేజరు అడిగారు.’ కాగితం మీద దీనికి ఏ లోటూ లేదు. వేదిక మీద మాత్రం ‘చాలా’ దగ్గర నవ్వు మొదలవుతుంది, ‘అని మా మేనేజరు అడిగారు’ అన్న మాటలు ఆ నవ్వు మీద పడి దానిని నొక్కేస్తాయి. మనం ఇంకా మాట్లాడుతున్నామని గ్రహించిన ప్రేక్షకుడు మర్యాదగా నవ్వు ఆపుకుంటాడు. ‘మా మేనేజరు నన్ను ఎగాదిగా చూసి అన్నారు: ఒక్కరోజు చాలా?’ అని తిప్పి రాస్తే తోక పోయింది. దాని మీద ‘ఆలోచించి చెబుతానన్నాను. వెంటనే ఆయన: తొందరేం లేదండీ, ఇంటి దగ్గర ఉండే ఆలోచించుకోండి’ అన్న ట్యాగ్ చేరింది. కథలు చెప్పడంలో చెయ్యి తిరిగిన మన పెద్దలు ‘అప్పుడు వాడన్నాడూ...’ అని మాట సాగదీసి, ఒక్క క్షణం ఆగి, అసలు మాటను చివర వదలడం వెనక ఇదే కిటుకు ఉంది. తెలుగులో సెట్ రాసుకునే ప్రతివారూ తమ పేజీలో ‘అని అన్నాడు’, ‘అని చెప్పింది’, ‘అనుకున్నాను’ అన్నవి ఎక్కడెక్కడ ఉన్నాయో గీతలు గీసి చూసుకుంటే, నవ్వు రాలేదనుకున్న చోట్లలో కొన్ని నవ్వును మనమే తొక్కేసిన చోట్లని తెలుస్తుంది.

తరగతి రెండో భాగం నిరాశపరచింది. వేదిక భయం పోగొట్టడానికంటూ ఎక్కువ సేపు కళ్లు మూయించి, శ్వాస మీద ధ్యాస పెట్టించి, ప్రశాంతంగా ఉన్నామని మనసులో అనుకోమన్నారు. హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి దాదాపు వ్యతిరేకమైన దారి చూపించాయి: మాట్లాడబోయే ముందు తమ గుండెదడను అణచుకోవడానికి ప్రయత్నించినవారి కంటే, దానిని ఉత్సాహంగా భావించుకున్నవారు మెరుగ్గా మాట్లాడారు. కెనెత్ సవిట్స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన పరిశోధన ఇంకా నేరుగా పనికొస్తుంది. తమ బెరుకు ఎదుటివారికి కనబడుతోందని ప్రసంగించేవారు అనుకునేంతగా అది నిజానికి కనబడదని, ఈ సంగతి ముందే చెప్పి పంపితే వారు మరింత బాగా మాట్లాడతారని అందులో తేలింది. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన ఆ విషయాన్ని చెప్పి, మిగిలిన సమయాన్ని మళ్లీ రచనకే ఇచ్చి ఉంటే తరగతి రెట్టింపు విలువ సంతరించుకునేది. ఇప్పుడున్న రూపంలో మాత్రం, ఇప్పటికే ఒక సెట్ రాసుకున్నవారు తరగతిలో చేరడం లాభం; ఏమీ రాయకుండా వెళితే కళ్లు మూసుకుని కూర్చోవడమే మిగులుతుంది.

ఇక సమయపాలన. లండన్‌లో 1979లోనే తెరిచిన మరో కామెడీ స్టోర్‌లో తొలినాళ్లలో ప్రేక్షకులకు నచ్చని కళాకారుణ్ని గంట కొట్టి దింపేసేవారు. ఇప్పటి ఓపెన్ మైక్‌లు అంత నిర్దయగా ఉండవు. మరో నిమిషం మిగిలిందనగా గది వెనకనుంచి ఒక లైటు వెలిగిస్తారు. ఆ వెలుగు చూడగానే చేతిలో ఉన్న జోకును పూర్తి చేసుకుని దిగిపోవాలి. ఇక్కడ ఆ లైటు కచ్చితంగా వెలుగుతుంది, కనబడే చోటే వెలుగుతుంది. కాని దానిని పాటించవలసిన బాధ్యత అందరికీ సమానంగా లేదు. కొత్తవారు లైటు తర్వాత కొంచెం సాగదీస్తే హోస్ట్ వేదిక అంచుకు వచ్చి నిలబడతాడు, పాతవారు మాత్రం ప్రేక్షకులతో పిచ్చాపాటీ మొదలుపెట్టి ఇచ్చిన సమయానికి రెట్టింపు తీసుకున్నా ఎవరూ కదలరు. ఆ అదనపు నిమిషాలు గాలిలోంచి రావు, చివర ఉన్న కొత్తవాడి ప్రేక్షకుల ఓపికలోంచి వస్తాయి. కొత్తవారికి ఒక సలహా కూడా ఇక్కడే చెప్పాలి: 5 నిమిషాల స్లాట్‌కు 5 నిమిషాల రచన తీసుకువెళ్లకూడదు. ఇంట్లో గడియారం పెట్టుకుని గట్టిగా చదివినప్పుడు 4 నిమిషాల్లో ముగిసేదే సరిపోతుంది, ఎందుకంటే నవ్వుకు కూడా సమయం కావాలి. నవ్వు రాకపోతే ఒక నిమిషం ముందే దిగిపోవచ్చు, దానికి ఎవరూ తప్పుపట్టరు.

ఈ వేదికకు ఇద్దరు హోస్టులు వారం మార్చి వారం వస్తారు, వారిద్దరి మధ్య తేడా ఈ సేవ నాణ్యతనే మార్చేస్తుంది. హోస్ట్ పని తన జోకులతో మెప్పించడం కాదు, తర్వాత ఎక్కేవారికి గదిని సిద్ధం చేయడం. మొదటి హోస్టుకు ఇది తెలుసు. ఒకరి సెట్ పూర్తిగా చల్లబడి, గదిలో ఇబ్బందికరమైన నిశ్శబ్దం మిగిలినప్పుడు, ఆమె వెంటనే తర్వాతి పేరు పిలవదు. ముందు వరుసలో ఎవరితోనో రెండు మాటలు కలిపి, ఒక చిన్న నవ్వు రప్పించి, గది మళ్లీ సర్దుకున్నాకే పిలుస్తుంది. దిగిపోయిన మనిషి గురించి ఒక్క వెక్కిరింపు మాట రాదు. పేర్లు ఎలా పలకాలో ముందే అడిగి తెలుసుకుంటుంది. రెండో హోస్టు ఇందుకు పూర్తిగా విరుద్ధం. కొత్తవాడి విఫలమైన జోకే అతని ముడిసరుకు. దానిని తిరిగి చెప్పి, వెటకారం చేసి, పెద్ద నవ్వు తెచ్చుకుంటాడు. మహిళా కళాకారులను పరిచయం చేసేటప్పుడు వారి రూపం మీద, పెళ్లి మీద వ్యాఖ్యలు చేయడం అతనికి అలవాటు. ఆ తర్వాత ఎక్కిన మనిషి తన మొదటి నిమిషాన్ని ఆ వ్యాఖ్యను దాటడానికే ఖర్చు పెట్టవలసి వస్తోంది. అతను హోస్ట్‌గా ఉన్న వారాల్లో తొలిసారి ప్రయత్నించేవారు వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రేక్షకుల్లో దాదాపు సగం మంది తమ వంతు కోసం ఎదురుచూస్తున్న కళాకారులే. ఇది అన్ని ఓపెన్ మైక్‌లలో ఉన్న పరిస్థితే. వారు నవ్వరు, మొబైల్లో రాసుకున్న పాయింట్లు వల్లె వేసుకుంటూ ఉంటారు, లేదా మన జోకు ఎక్కడ విరిగిందో లెక్కగడుతూ ఉంటారు. వారికి నచ్చేది నిర్మాణంలోని చమత్కారం. టిక్కెట్టు కొని వచ్చినవారికి నచ్చేది తమకు పరిచయమైన చిరాకు. రెండు వర్గాలూ ఒకే చోట నవ్వితే ఆ ముక్క దాచుకోదగినది. కళాకారులు మాత్రమే నవ్విన జోకును నమ్ముకుంటే మోసపోతాం. మధ్యలో అరిచి అడ్డుతగిలేవారి విషయంలో ఇక్కడి నియమం మెచ్చుకోదగినది: మొదటిసారి హోస్ట్ హెచ్చరిస్తాడు, రెండోసారి బయటికి పంపిస్తారు. అడ్డుతగిలేవారికి దీటుగా జవాబివ్వడం కళాకారుడి ప్రతిభకు పరీక్ష అని గొప్పగా చెప్పుకునేవారు ఉన్నారు గాని, మొదటి నెలల్లో ఉన్నవారికి అది పరీక్ష కాదు, వేధింపు. ఇతరుల జోకులు వాడితే మళ్లీ స్లాట్ ఇవ్వబోమని ఫారంలోనే రాశారు. ఫోనుల్లో తిరిగే పాత జోకులు కూడా ఇందులోకే వస్తాయని విడిగా చెప్పి ఉంటే, కొత్తవారిలో కొందరికి అవమానం తప్పేది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే ఉపయోగపడినది రికార్డింగు. స్థిరమైన కెమెరాతో తీసిన మన సెట్ వీడియోను మరుసటి రోజు పంపిస్తారు. గది వెనక ఉన్న మరో మైకుతో ప్రేక్షకుల ధ్వనిని కూడా విడిగా నమోదు చేసి అందులో కలుపుతారు. ఈ రెండో మైకు లేని వీడియో మనకు పెద్దగా పనికిరాదు, ఎందుకంటే వేదిక మీది మైకు దగ్గరి గొంతునే పట్టుకుంటుంది, గదిలో నవ్వు ఎంత వచ్చిందో దానిలో తెలియదు. వేదిక మీద ఉన్నప్పుడు మన జ్ఞాపకం నమ్మదగినది కాదు. గొప్పగా పండిందనుకున్న ముక్కకు వీడియోలో ముందు వరుసలోని ఒక్క గొంతే వినిపిస్తుంది. నిశ్శబ్దంగా గడిచిందనుకున్న చోట నవ్వు మొదలవుతుండగానే మనం తర్వాతి వాక్యం అందుకోవడం కనిపిస్తుంది. ఆదుర్దాలో మాట వేగం ఎంత పెరిగిందో ఇంట్లో తీసుకున్న రికార్డుతో పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది. ప్రతి పంచ్ పక్కనా నవ్వు వచ్చిందా, ఎంతమందిది, ఎంతసేపు అని గుర్తు పెట్టుకుంటూ వింటే, తర్వాతి వారం ఏ వాక్యాలు మార్చాలో వాదన లేకుండా తేలిపోతుంది. ఒకే సెట్‌ను వారం వారం కొద్దిగా మార్చి చెప్పడం ఈ విద్యలో మామూలు పద్ధతి కనుక, ప్రతిసారీ కొత్త జోకులతో వెళ్లేవారి కంటే ఇలా పాత వాటినే చెక్కుకునేవారికి ఈ వీడియోలు ఎక్కువ లాభం చేస్తాయి.

అయితే ఈ వీడియోకు ఒక మెలిక ఉండేది. ఫారం చివర చిన్న అక్షరాల్లో, ఆ దృశ్యాలను నిర్వాహకులు తమ సామాజిక మాధ్యమాల్లో ఎప్పుడైనా, ఏ భాగాన్నైనా వాడుకోవచ్చన్న నిబంధన రాశారు. ఓపెన్ మైక్‌లో చెప్పేది సగం ఉడికిన రచన. అది తప్పు పోవడానికే అక్కడికి తీసుకువెళతాం. దానిలోంచి అర నిమిషం కత్తిరించి బయటపెడితే, ముందూ వెనకా లేని ఆ ముక్కను మన సహోద్యోగులు, బంధువులు, ఎన్నడూ చూడని వేలమంది తీరిగ్గా విశ్లేషిస్తారు. కుటుంబం గురించి, ఆఫీసు గురించి మాట్లాడే ఔత్సాహికుడికి ఇది ఉద్యోగం మీదికి వచ్చే ప్రమాదం కూడా. ఏ ఓపెన్ మైక్‌కు వెళ్లినా, మిగతా విషయాలు చదవకపోయినా ఈ ఒక్క నిబంధన చదివి సంతకం పెట్టాలి. వీడియో ఇవ్వని వేదికల్లో మన ఫోనులోని ధ్వని రికార్డరును ముందు వరుస కుర్చీ మీద పెట్టుకోవడం సరిపోతుంది.

మొత్తం మీద ఈ ఓపెన్ మైక్‌కు 5లో మూడున్నర ఇస్తాను; మొదటి హోస్ట్ ఉన్న వారాలకు నాలుగు, రెండో హోస్ట్ ఉన్న వారాలకు రెండున్నర. శిక్షణ తరగతికి విడిగా మూడు. ముందుగా ఒక సాయంత్రం ప్రేక్షకుడిగా వెళ్లి వెనక వరుసలో కూర్చుని, కొత్తవారిని ఆ గది ఎలా చూస్తోందో గమనించి, ఆ తర్వాతే ఫారం నింపడం మేలు. తొలి సాయంత్రానికే కిక్కిరిసిన హాలు, పొట్టచెక్కలయ్యే నవ్వులు కోరుకునేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. రాసుకున్న పేజీని అపరిచితుల ముందు పెట్టి చూసుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి ఇక్కడి కుర్చీల అమరిక, మైకు పాఠం, రికార్డింగు చాలు. వరుసను చీటీలతో నిర్ణయించాలని, తలుపు దగ్గర మనిషిని పెట్టాలని, అనుమతి అడగనిదే వీడియోలు బయటపెట్టకూడదని, పరిచయాల్లో రూపం మీద వ్యాఖ్యలు ఆపాలని నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలియజేశాను. వీడియో నిబంధనను ఫారంలో ఇప్పటికే మార్చారు. ఇక ప్రతి ముక్కకూ మన అంగీకారం అడుగుతున్నారు. తలుపు దగ్గర ఒక కార్యకర్త నిలబడుతున్నాడు. రెండో హోస్ట్ గురించి, వరుస గురించి రాసినదానికి జవాబు ఇంకా రాలేదు.